మే నెలలో తొమ్మిది బళ్ళతో ఉప్పాడ, భీమిలి, అరకు, మారేడుమిల్లి: ఎండ వేళను బట్టి కట్టుకోవాల్సిన టూరు

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రి నుంచి తొమ్మిది బళ్ళు, మే మూడో వారం, మూడు రోజులు. కాకినాడ, ఉప్పాడ మీదుగా సముద్రం పక్కన వైజాగ్ చేరి, భీమిలి, అరకు, లంబసింగి, సీలేరు, మారేడుమిల్లి చూసుకుని మళ్ళీ రాజమండ్రి. ఇద్దరికి ఘాటు రోడ్డు కొత్త. మూడు బళ్ళ మీద వెనక మనిషి ఉంటారు. మొత్తం ఏడొందల పైచిలుకు కిలోమీటర్లు. సరిపోతుందా?

సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మిగతా ప్లానంతా ఈ లెక్క మీదే నిలబడుతుంది.

మేలో మన కోస్తాలో బండి హాయిగా నడిపే వేళ తెల్లవారుజాము నాలుగూ ముప్పావు నుంచి పదిన్నర వరకు. వైజాగ్‌లో ఆ రోజుల్లో అయిదున్నరకు ముందే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి చీకట్లో నడిపేది అరగంటే. అంటే రోజుకు అయిదు గంటల ముప్పావు. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంకో గంటన్నర దొరికినట్టు కనిపిస్తుంది కానీ కొండ మీద అది ఉరుములు, ఈదురు గాలుల వేళ. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మూడు రోజులకు కలిపి పదిహేడు గంటలు. తొమ్మిది బళ్ళ గుంపు ఆగుళ్ళతో కలిపి హైవే మీద గంటకు 45, ఘాటులో 22 నుంచి 25 కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. అన్నీ కలిపి సగటు ముప్పై దాటదు. పదిహేడు గంటల్లో అయిదొందల కిలోమీటర్లు. మిగిలిన రెండొందలు మిట్టమధ్యాహ్నం, అలసిన ఒళ్ళుతో నడపాల్సి వస్తుంది. ఇలాంటి టూర్లలో బళ్ళు పడేది ఎక్కువగా ఆ రెండొందల్లోనే.

కాబట్టి అయిదు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు రాజమండ్రి, కాకినాడ, ఉప్పాడ, తుని, వైజాగ్: సుమారు 225 కిలోమీటర్లు. చదును నేల కాబట్టి ఈ ఒక్క రోజూ పొడుగైనా పర్వాలేదు. రెండో రోజు వైజాగ్ నుంచి భీమిలి మీదుగా అరకు, 145. మూడో రోజు అరకు, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, వంద చిల్లర. నాలుగో రోజు లంబసింగి ఘాటు దిగి నర్సీపట్నం, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం, మారేడుమిల్లి, దాదాపు 160. అయిదో రోజు మారేడుమిల్లి నుంచి రాజమండ్రి, 85. నాలుగు రోజులే దొరికితే మారేడుమిల్లి వదిలేసి నర్సీపట్నం నుంచి తుని మీదుగా హైవే పట్టండి. మారేడుమిల్లి మీ ఊరికి రెండు రెండున్నర గంటల దూరంలో ఉన్న చోటు, ఏ ఆదివారమైనా వెళ్ళొచ్చు.

సీలేరు దారి ఈసారి వద్దు. చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధి, సీలేరు, మోతుగూడెం, చింతూరు: అందమైన అడవి, అంతే ఒంటరి దారి. చాలా దూరం బంకు లేదు, ఫోను సిగ్నల్ లేదు, తారు లేచిపోయిన ముక్కలు తరచుగా తగులుతాయి. ముగ్గురు నలుగురు అనుభవం ఉన్నవాళ్ళు, వెనక మనిషి లేకుండా, చలికాలంలో వెళ్ళాల్సిన దారి అది. ఇద్దరు కొత్తవాళ్ళతో, మే ఎండలో, ఒక పంక్చర్ పడితే గంట పోతుంది. ఆ గంట పోయాక దాని తర్వాత మీరు తీసుకునే నిర్ణయాలన్నీ తొందరలోనే ఉంటాయి.

ఇక గుంపు సంగతి. తొమ్మిది బళ్ళు ఒకే వరసలో నడపకండి. అయిదు, నాలుగుగా విడగొట్టి పది నిమిషాల తేడాతో బయల్దేరండి. ముందు బండి 60లో పోతుంటే తొమ్మిదో బండి 60లో పోదు. ముందువాడు ఒక లారీని దాటేసి 60కి వస్తాడు. రెండోవాడు ఎదురు వాహనం కోసం ఆగి, దాటి, దూరం పూడ్చుకోవడానికి 70 తీస్తాడు. మూడోవాడు 75. ఆ పొడుగు తోక చివర ఉన్నవాడు ఒకసారి 30లో, ఒకసారి 90లో నడుపుతూ ఉంటాడు. అక్కడే కొత్తవాణ్ణి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నలుగురైదుగురి వరసలో ఈ సాగుడు చాలా తగ్గుతుంది. పెట్రోలు బంకులో కూడా అంతే. బండికి రెండు మూడు నిమిషాల చొప్పున తొమ్మిదింటికి పాతిక నిమిషాలు. విడిపోయి వస్తే పది పన్నెండు.

వరస ఇలా పెట్టుకోండి. ముందు దారి తెలిసినవాడు. అతని వెనకే, రెండో స్థానంలో, కొత్తవాడు. ముందువాడి అద్దంలో ఎప్పుడూ కనిపించేది ఈ రెండో బండే కాబట్టి వేగం దానంతట అదే కొత్తవాడి స్థాయికి వస్తుంది. పైగా మలుపులో ముందు బండి ఏ గీత మీద పోతోందో చూసి నేర్చుకుంటాడు. మూడో స్థానంలో అనుభవం ఉన్నవాడు. అయిదు బళ్ళ గుంపులో నాలుగో స్థానం వెనక మనిషి ఉన్న బండికి ఇవ్వండి. చివర స్వీప్, అంటే వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసుకునేవాడు. గుంపులో అందరికన్నా బాగా నడిపేవాడు, బండి బాగుచెయ్యడం తెలిసినవాడు స్వీప్‌గా ఉండాలి. టూల్ కిట్, గాలి పంపు, ఫస్ట్ ఎయిడ్ అతని దగ్గరే ఉండాలి. ముందు బండి మీద టూల్స్ పెడితే ఎవరి బండి ఆగినా అవి పది కిలోమీటర్ల ముందు ఉంటాయి. మీ ఇద్దరు కొత్తవాళ్ళను ఒక్కో గుంపుకు ఒకరిగా పంచండి.

హైవే మీద అటొకటి ఇటొకటిగా నడవండి: ముందువాడు లేన్‌లో కుడి పక్క, రెండోవాడు ఎడమ పక్క. మీ గీతలోనే ఉన్న ముందు బండికి రెండు సెకన్లు, పక్క గీతలోని బండికి ఒక సెకను దూరం. కిలోమీటరు రాయి ముందు బండి దాటగానే 'వెయ్యిన్నొకటి, వెయ్యిన్నరెండు' అనుకుంటే సరిపోతుంది. ఘాటు మొదలవగానే ఈ పద్ధతి మానేసి ఒకే వరసలోకి రావాలి, మూడు నాలుగు సెకన్ల దూరంతో. మలుపులో ప్రతివాడికీ లేన్ మొత్తం కావాలి.

ఎస్.కోట తర్వాత ఘాటు మొదలయ్యే బొడ్డవర దాటాక ఇంకో నియమం: ఎవరి ఓవర్‌టేక్ వాళ్ళదే. ముందువాడు చెయ్యి ఊపి 'వచ్చెయ్' అనడం ఆపించండి. అతను చూసిన ఖాళీ రోడ్డు, మీరు అక్కడికి చేరేసరికి ఖాళీగా ఉండదు. అలాగే జంక్షన్ల దగ్గర వెనకవాడు అద్దంలో కనబడే దాకా కదలకూడదు. ఇది అందరూ పాటిస్తే ఎవ్వరూ తప్పిపోరు, ఫోన్లు చెయ్యక్కర్లేదు. ఎస్.కోట, బొర్రా మలుపు, పాడేరు, లంబసింగి కూడలి: ఈ నాలుగు చోట్ల తప్పకుండా ఆగండి. మలుపులో ఫోటో కోసం ఆగడం పూర్తిగా నిషేధం. దముకు, గాలికొండ వ్యూ పాయింట్ల దగ్గర ఆగడానికి చోటు ఉంది, అక్కడ తీసుకోండి.

ఇప్పుడు కోస్తా. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు సముద్రం కోతకు గురవుతున్న రోడ్డు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు వేళకు అలలు రాళ్ళ కట్టను దాటి రోడ్డు మీద పడతాయి. నీళ్ళతో పాటు ఇసుక, కంకర, ఒక్కోసారి రాళ్ళు కూడా. తుపాను హెచ్చరికలుంటే దారే మూసేస్తారు. ముందు రోజు సాయంత్రం కాకినాడలో ఎవరినైనా అడిగి వెళ్ళండి. లేదంటే పిఠాపురం మీదుగా వెళ్ళొచ్చు. మత్స్యకారుల పల్లెల్లో రోడ్డు మీదే వలలు, చేపలు ఆరబెడతారు. వల మీదుగా పోనిస్తే తాడు చైనులో చుట్టుకుంటుంది, వాళ్ళ జీవనాధారమూ చెడుతుంది. దిగి, పక్కనుంచి తోసుకుని పోండి. తుని వైపు పొలాల దగ్గర మొక్కజొన్న, ధాన్యం తారు మీద పోసి ఉంటారు. గింజల మీద ముందు బ్రేకు పడిందా, గోళీల మీద పట్టినట్టే.

వైజాగ్‌లో ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి ముప్పై కిలోమీటర్లు. ఇది రెండో రోజు తెల్లవారగానే చెయ్యాలి, ముందు రోజు సాయంత్రం కాదు. సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. సూర్యోదయానికి సముద్రం కుడి పక్క, వెలుతురు కుడి ముందు నుంచి కళ్ళలో పడుతుంది కాబట్టి ఆ అరగంట 40 మించకండి. మలుపుల లోపలి అంచున గాలి తెచ్చి పోసిన ఇసుక పలచగా, తారు రంగులో కలిసిపోయి ఉంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించండి, ఒంచాక బ్రేకు జోలికి పోవద్దు. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా వస్తుంది. ఆ ఒక్క ఉదయంలో మీరు నది నోటి నుంచి పుట్టిల్లు దాకా వెళ్తున్నట్టు. తగరపువలస, విజయనగరం, ఎస్.కోట దాకా 58 కిలోమీటర్లు. ఎస్.కోటలో టిఫిను, పెట్రోలు. నాలుగూ ముప్పావుకి కదిలితే ఎనిమిదికల్లా అక్కడ ఉంటారు, పదిన్నర పదకొండుకి అరకు. ఆలస్యమైతే నడిఎండ వేళను బొర్రా గుహల్లో గడపండి. లోపల చల్లగా ఉంటుంది.

ఘాటు ఎక్కుడులో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే: హాఫ్ క్లచ్. బస్సు వెనక నెమ్మదిగా ఎక్కుతూ, రెండో గేరులో లాగక, క్లచ్ సగం పట్టి నడుపుతారు. వెనక మనిషి ఉన్న బండికి పది నిమిషాల్లో క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. ఇంజను గుర్రుమంటుంది, బండి మాత్రం కదలదు. అలా అయితే ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. లివరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో చూడండి. వేడికి ఆ వదులు పోయి ఉంటే కేబుల్ అడ్జస్టర్ తిప్పి మళ్ళీ ఇవ్వండి. అసలు మందు మాత్రం మొదటి గేరులోకి దిగి క్లచ్ పూర్తిగా వదిలెయ్యడమే.

హెయిర్‌పిన్‌లో ఆర్టీసీ బస్సు ఎదురైతే లోపలి అంచుకి దూరిపోయే ఆలోచన వద్దు. బస్సు వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా బాగా లోపలగా తిరుగుతాయి. మీరు దూరిన చోటునే అవి కోసుకుంటూ వస్తాయి. మలుపుకు ఇరవై మీటర్ల ముందే ఆగి, బస్సు మొత్తం తిరిగాక కదలండి. ఎక్కే వాహనానికి దారి ఇవ్వడం ఘాటు మర్యాద, చట్టం కూడా. నిండు లోడుతో ఎక్కే లారీల ట్యాంకు మూతల నుంచి డీజిలు చిందేది హెయిర్‌పిన్ల దగ్గరే. తారు మీద ఇంద్రధనుస్సు రంగులు కనబడితే అదే. వాసన ముందే వస్తుంది, హెల్మెట్ అద్దం కాస్త తెరిచి ఉంచుకుంటే తెలుస్తుంది.

వేసవి అడవికి తనదైన ప్రమాదం ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. టేకు, సిల్వర్ ఓక్ ఆకులు రాలి మలుపుల బయటి అంచున పరుపులా పేరుకుంటాయి. పైన ఎండి గలగలలాడుతుంటాయి, కింద పొర మాత్రం మంచుకి నాని నున్నగా ఉంటుంది. వేగం ఎక్కువై కొత్తవాడు బయటికి జరిగినప్పుడు టైరు సరిగ్గా దాని మీదకే వెళ్తుంది. అలాగే ఎండలోంచి చెట్ల నీడలోకి వెళ్ళగానే రెండు మూడు సెకన్లు కళ్ళు ఏమీ చూడవు. గుంటలు, పడుకున్న పశువులు ఆ నీడలోనే ఉంటాయి. నల్ల విజర్ వద్దు. తెల్ల విజర్ వేసుకుని లోపల కూలింగ్ గ్లాసులు పెట్టుకుంటే నీడలో ముక్కు మీదికి జార్చొచ్చు. పశువులు తోలుకెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే రోడ్డు అంచున ఉంటారు. పోడు కాల్చిన పొగ మలుపులో తెరలా నిలబడి ఉంటుంది. హారన్ మలుపుకు ముందు ఒక్కసారి చాలు.

పాడేరు నుంచి అటూ ఇటూ జాతీయ రహదారి 516ఇ విస్తరణ పనులు సాగిన ముక్కల్లో కొత్త తారు పక్కనే వదులు కంకర, నీళ్ళు కొట్టిన ఎర్రమట్టి తగలొచ్చు. తడి ఎర్రమట్టి మీద ముందు బ్రేకు ముట్టుకోకండి. రెండో గేరు, నిలకడ రేజు, చూపు దూరంగా. 125 సీసీ దాటిన కొత్త బళ్ళకు 2019 నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరైనా, సింగిల్ ఛానల్ బళ్ళకు అది ముందు చక్రానికే. వెనక చక్రం లాక్ అవుతుందని గుర్తుంచుకోవాలి.

దిగుడు. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగేటప్పుడు ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే గేరులో దిగండి. న్యూట్రల్‌లో జారవిడిచేవాళ్ళను గుంపులోకే రానివ్వద్దు. బ్రేకు పెడల్ మీద కాలు ఆనించి నడిపితే వెనక డిస్కు అదే పనిగా రాసుకుని కాలుతుంది, ఆ వేడి బ్రేకు ఫ్లూయిడ్‌కి పాకుతుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుని పాతబడ్డాక 155కే మరిగే స్థితికి వస్తుంది. మరిగితే ఆవిరి బుడగలు వచ్చి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్ళు దాటిన ఫ్లూయిడ్ ఉంటే బయల్దేరే ముందే మార్పించండి. మన తీరంలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా ముందే మార్చినా తప్పు లేదు. దిగుడులో బ్రేకు గట్టిగా, కొద్దిసేపు పట్టి వదలాలి. మెల్లగా, పొడుగ్గా పట్టకూడదు.

బండి తయారీలో మిగతావి. టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడండి. చైన్ గార్డు మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో ఉన్న స్టిక్కరులోని అంకె అదే. వేడి పది డిగ్రీలు పెరిగితే 30 పీఎస్ఐ టైరులో సుమారు ఒకటిన్నర పెరుగుతుంది. మధ్యాహ్నం 35 చూపించిందని గాలి తీసెయ్యకండి, మర్నాడు అరకు చలిలో అది ఉండాల్సినదానికన్నా కిందికి పడిపోతుంది. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర, '2321' అంటే 2021లో 23వ వారం. అయిదారేళ్ళు దాటిన టైరు గాడి బాగున్నా ఎండకి గట్టిపడి ఉంటుంది. బ్రేకు ప్యాడ్లు రెండు మిల్లీమీటర్ల లోపుంటే మార్చండి. చైను వదులు ఎక్కువ బళ్ళకు 25 నుంచి 30 మిల్లీమీటర్లు, కానీ వెనక మనిషీ లగేజీ ఎక్కాక మళ్ళీ చూడాలి. వెనక స్ప్రింగు ప్రీలోడ్ (బిగువు) రెండు మెట్లు పెంచాలి.

ఉప్పాడ, భీమిలి రోజుల్లో చైను మీద ఇసుక, ఉప్పు, గ్రీజు కలిసి సానరాయి పొడిలా తయారవుతాయి. రోజు ముగిశాక చైను వెచ్చగా ఉండగానే కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి ల్యూబ్ కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. పెట్రోలు వాడకండి, ఓ-రింగులు పాడవుతాయి. పొద్దున్నే కొట్టుకుని బయల్దేరితే సగం వెనక టైరు మీదకు చిందుతుంది.

పెట్రోలు ట్యాంకు సగానికి రాకముందే నింపించండి. గుంపు నడిచేది చిన్న ట్యాంకు లెక్కన. క్లాసిక్ 350కి 13 లీటర్లు, స్ప్లెండర్‌కి 9.8. పెద్ద ట్యాంకు బండివాడి తొందర పనికిరాదు. ఇంజెక్షన్ బళ్ళలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది పెట్రోలే. రిజర్వులో ఎండలో నడిపితే పంపు వేడెక్కి బండి ఎగిరి ఎగిరి పోతుంది. అలాగని మూత దాకా పోయించి ఎండలో ఆపకండి. ఇరవై డిగ్రీలు వేడెక్కితే 13 లీటర్లు పావు లీటరు మేర ఉబ్బుతాయి.

స్వీప్ బండి మీద ఉండాల్సినవి: స్పోక్ చక్రాల బళ్ళ కొలతకు ముందూ వెనకా ట్యూబులు, మూడు టైరు లివర్లు, ట్యూబ్‌లెస్ టైరు పంక్చరు స్ట్రిప్పులు పది, గాలి పంపు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్, చైను లింకు, గట్టి ఇనుప తీగ, జిప్ టైలు, ఎం-సీల్, అర మీటరు పెట్రోలు పైపు. గుంపులో హిమాలయన్ 411 బండి ఉంటే ఒక ఉపాయం: ముందు 21 అంగుళాల ట్యూబు ఒకటి అదనంగా పెట్టుకోండి. తప్పనిసరైతే వెనక 17, 18 అంగుళాల టైరులోనూ మడతలు సర్దుకుని ఊరు చేరే దాకా పనిచేస్తుంది. క్లచ్ కేబుల్ కొత్తదాన్ని పాతదాని పక్కనే దారి పట్టించి కట్టేస్తే తెగినప్పుడు అయిదు నిమిషాల పని. సైడ్ స్టాండు కింద పెట్టడానికి ప్రతివాడి దగ్గరా ఒక పలక ముక్క ఉండాలి. రెండు గంటల ఎండలో మెత్తబడిన తారులో స్టాండు దిగిపోయి బండి పక్కకు ఒరిగిపోతుంది. మెరుస్తూ నల్లగా కారిన తారు చక్రాల జాడల్లో కనిపిస్తే లేన్ మధ్యకు జరగండి. అది సబ్బులా జారుతుంది.

మనిషి సంగతి బండికన్నా ముఖ్యం. గాలి వేడి ఒంటి వేడిని దాటితే, అంటే 37 డిగ్రీల పైన, వేగంగా పోయినా చల్లదనం రాదు. పొయ్యి ముందు విసనకర్ర పట్టుకున్నట్టే. జాకెట్టు విప్పి టీషర్టుతో నడిపేవాడే అందరికన్నా ముందు సొమ్మసిల్లుతాడు, చెమట ఒంటిని చల్లార్చకముందే ఆరిపోయి నీరంతా పోతుంది. మెష్ జాకెట్టు వేసుకుని లోపల పల్చటి పొడుగు చేతుల చొక్కా తడుపుకోండి, మెడకు తడి తువ్వాలు. రంపచోడవరం, గోకవరం వైపు పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. వైజాగ్ తేమలో అంత పనిచెయ్యదు, అక్కడ మందు నీడ ఒకటే. వెనక కూర్చునేవాళ్ళకు గాలి కూడా తగలదు, వాళ్ళే ముందు అలసిపోతారు. వాళ్ళను అడిగి ఆగండి.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు, దాహం వేసినా వెయ్యకపోయినా. మూడు లీటర్లకు ఒక లీటరు ఓఆర్ఎస్. మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న 20.5 గ్రాముల పొట్లం లీటరు నీళ్ళలో కలపాలి. పళ్ళ రసం పొట్లాలు దానికి బదులు కావు, చక్కెర ఎక్కువై దాహం పెంచుతాయి. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కొబ్బరిబొండాం, మజ్జిగ, తాటిముంజలు దారంతా దొరుకుతాయి. విజయనగరం వైపు చోడంబలి (రాగి అంబలి) దొరికితే వదలకండి, ఎండకి అంతకన్నా మంచి టిఫిను లేదు. బొంగులో చికెన్ రాత్రికి. మధ్యాహ్నం తింటే నిద్రమత్తు వస్తుంది. ఏజెన్సీలో రోడ్డు పక్క జీలుగు కల్లు అమ్ముతారు. బండి తాళం ఆ రోజుకి పక్కన పెట్టేశాకే దాని జోలికి వెళ్ళాలి.

ఎండదెబ్బ మొదలయ్యేది నడకలో కనిపించదు, బండి నడపడంలో కనిపిస్తుంది. ఇండికేటర్ ఆపడం మరిచిపోతాడు, మలుపుల్లో ఆలస్యంగా బ్రేకు వేస్తాడు, ఆగినప్పుడు కాలు నేల మీద సరిగ్గా పెట్టడు, అడిగినదానికి ఒక్క ముక్కలో విసుగ్గా జవాబిస్తాడు. స్వీప్‌కి ఇవి కనబడగానే అరగంట ఆపించే అధికారం ఉండాలి, వాదన లేకుండా. మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బే. నీడలోకి చేర్చి, జాకెట్టు బూట్లు విప్పి, ఒంటి నిండా నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోను చెయ్యండి. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి. దారిలో విజయనగరం, పాడేరు, నర్సీపట్నం, రంపచోడవరంలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఈ నాలుగు పేర్లూ ప్రతివాడూ గుర్తుంచుకోవాలి.

మధ్యాహ్నం తర్వాత కొండ మీద మబ్బులు గోపురంలా లేస్తే ఆ రోజుకి బయటి తిరుగుడు చాలించండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ 'దామిని' యాప్ దగ్గరలో పిడుగు పడే సూచన చెబుతుంది, సిగ్నల్ ఉన్న చోట చూసుకోండి. ఉరుము వినిపిస్తే వ్యూ పాయింటు వదలాలి, చెట్టు కింద నిలబడకూడదు, పక్కా కప్పు వెతుక్కోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే కదలాలి. రెండు మూడు వారాలుగా వాన లేని రోడ్డు మీద మొదటి పావుగంట వాన అతి జారుడు, నూనె, టైరు పొడి పైకి తేలుతాయి కాబట్టి.

మూడో రోజు లంబసింగి గురించి అంచనా సరిచేసుకోండి. మేలో మంచు, మబ్బుల సముద్రం చూడ్డానికి కాదు, వేడి నుంచి తప్పించుకుని కాఫీ తోటల మధ్య చల్లగా నిద్రపోవడానికి వెళ్ళండి. అంతకు తగ్గట్టు రాత్రికి పల్చటి స్వెట్టరు, దోమల మందు పెట్టుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, చీకటి పడ్డాక పొడుగు చేతులు తప్పనిసరి. కొండ నుంచి మైదానానికి దిగే దారుల్లో పోలీసు, ఎక్సైజ్ చెక్‌పోస్టులు సంచులన్నీ విప్పించి చూస్తాయి. తొమ్మిది బళ్ళకు అరగంట లెక్కలో పెట్టుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం, లైసెన్సు కాగితం కాపీలు కూడా ఉంచుకోండి, అక్కడ ఫోనులో తెరుచుకోకపోవచ్చు. 'దారిలో మా వాళ్ళకి ఇచ్చెయ్యండి' అని ఎవరు ఏ పొట్లం ఇచ్చినా తీసుకోవద్దు.

మూడో రోజు దాటిన చింతపల్లి, నాలుగో రోజు మీరు వెళ్ళే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి: ఈ ఊళ్ళ పోలీసు స్టేషన్ల మీదే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. కొండ దిగాక మొదటి పెద్ద ఆగుడు అక్కడ పెట్టుకోండి. ఆ దారిలో ఎత్తు తక్కువ, ఎండ ఎక్కువ, కాబట్టి లంబసింగి నుంచి అయిదుకల్లా కదలాలి. మారేడుమిల్లి అడవే కానీ అరకులా చల్లగా ఉండదు. గది ముందే మాట్లాడుకోండి. జలపాతాల్లో మేకి నీళ్ళు సన్నబడిపోతాయి, వాటి కోసం పగలు తిరగకండి. అయిదో రోజు తెల్లవారగానే చింతూరు ఘాటు వైపు ఓ పదిహేను కిలోమీటర్లు ఎక్కి వెనక్కి రండి, ఆ దారి అసలు అందం ఆ వేళే. ఎండుటాకుల అడవిలో సిగరెట్టు పీక గానీ, పొయ్యి గానీ వద్దు. మేలో ఒక్క నిప్పురవ్వ చాలు.

ఏడున్నరకి మారేడుమిల్లి వదలండి. 'ఇంకెంత, ఇల్లు దగ్గరే కదా' అని పది దాకా టిఫిన్ల దగ్గర కూర్చునే గుంపులు పన్నెండుకి గోకవరం దగ్గర ఎర్రటి ఎండలో దొరికిపోతాయి. నాలుగు రోజుల అలసట, ఇంటి తొందర, చదును రోడ్డు మీద వేగం కలిసే చోటు అది. ఆ చివరి 85 కిలోమీటర్లలోనూ వరస మార్చకండి, రెండో స్థానంలో కొత్తవాడే ఉండాలి. రంపచోడవరంలో ఒకటి, గోకవరంలో ఒకటి తప్పనిసరి ఆగుడు పెట్టండి. ఇల్లు చేరాక ఆ సాయంత్రమే బండిని మంచినీళ్ళతో కింది నుంచి కడగండి: రేడియేటరు ఉంటే దాని జల్లెడ, స్పోకుల మొదళ్ళు, డిస్కు బోల్టులు, సైడ్ స్టాండు స్ప్రింగు. ఉప్పాడ ఉప్పు వారం వదిలేస్తే ముందు తుప్పు పట్టేవి ఇవే.